చెవికి జానెడు దూరం

జనగామ,
9 ఫిబ్రవరి 2025

జమ్లీకి ఆశీస్సులు.

పోయిన వారం నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావని మా కోడలు స్రవంతి చెప్పింది. నాలుగోసారి నేనే ఎత్తాను. నువ్వు ఏదో చెప్పావు, నేను ‘అట్లనే, అట్లనే’ అన్నాను. దేనికి ఒప్పుకున్నానో ఇప్పటిదాకా నాకు తెలియదు. చెవిలో పెట్టుకునే మిషను ఫోన్ దగ్గరికి తేగానే ఈల వేస్తుంది. నీ మాట సగం వినబడుతుంది, మిగతా సగం నేను కల్పించుకోవాలి. కాబట్టి నాతో పనుంటే ఉత్తరం రాయి. నీకు రాయడం నేర్పింది నేనే కదా, ఆ మాత్రం ఫలితం నాకు దక్కనీ.

మొన్న చాంద్యా వచ్చాడు. మోదుగుగుట్ట తండా బడిలో బలపం మింగిన చాంద్యా. తలంతా నెరిసింది, ముందు పండ్లు రెండు లేవు. ఎవరో పెద్దమనిషి అనుకుని లేచి నిలబడి కుర్చీ చూపించాను. ‘టీచరమ్మా, గిట్ల లేస్తరేంది, నేను చాంద్యాను’ అని నవ్వి, కార్డు చేతిలో పెట్టాడు. పదవీ విరమణ సన్మానం. ఈ ఏడాది అది మూడో కార్డు. అన్నీ జూన్ ముప్పయ్యే. మీ అందరికీ జూలై ఒకటి పుట్టినరోజుగా రాసిన పాపానికి, ఒకే రోజున మూడు ఊళ్ళలో మూడు శాలువాలు కప్పాలట నేను. పిల్లలకు చదువు చెప్పాననుకున్నాను. పింఛన్‌దార్లను తయారు చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

నాకు అర్థం కానిది ఒకటుంది. రోజు గడవదు. పొద్దున మంచం దిగి కాళ్ళు నిలదొక్కుకోవడానికే అరగంట. పదకొండు ఎప్పుడవుతుందా, టీ ఎప్పుడిస్తారా అని గడియారం చూస్తూ కూర్చుంటాను. అంత మెల్లగా నడిచే రోజుల్లోంచి ఇరవై ఏళ్ళు ఏ సందున జారిపోయాయి? నేను రిటైరై ఇరవై ఏళ్ళట. మా మనవడు నితిన్ లెక్కగట్టి చెప్పాడు, నేను అడగకపోయినా.

దానికి తోడు కుడి భుజం పట్టేసింది. కొప్పు చుట్టుకోలేను. సంతోష్ అని ఫిజియోథెరపీ చేసే అతను వారానికోసారి వచ్చి, గోడ మీద వేళ్ళతో పైకి పాకించమంటాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు బతికి బల్లిలాగా గోడ పాకాలట.

ఇంతకీ నువ్వూ రిటైరవుతున్నావని చాంద్యా చెప్పాడు. నేను నమ్మలేదు. ముక్కు కారుతూ నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్లవు నువ్వు. నాకు చెప్పకుండా నీకు అరవై ఒకటి ఎప్పుడొచ్చింది?

ఊర్మిళ


భూపాలపల్లి,
21 ఫిబ్రవరి 2025

టీచరమ్మకు నమస్తే.

నాకు అరవై ఒకటి ఎప్పుడొచ్చిందని అడిగారు. నేను మిమ్మల్ని అడుగుదామని ఫోన్ చేసింది అదే.

జూన్ ముప్పైతో నా ఉద్యోగం అయిపోతుంది. ముప్పై ఏడేళ్ళు. మహదేవపూర్ పక్క ఊళ్ళలో పదకొండేళ్ళు, తర్వాతంతా ఇక్కడి దవాఖాన కాన్పుల వార్డు. నేను పట్టుకున్న పిల్లలే ఇప్పుడు కాన్పులకు వస్తున్నారు. చేతులు వణకడం లేదు, చూపు తగ్గలేదు, మెట్లెక్కితే ఆయాసం లేదు. పని కూడా మస్తుగా ఉంది. మా వార్డులో అందరూ ‘నువ్వు అరవై దాటినట్టు లేవక్కా’ అంటే పొగడ్త అనుకునేదాన్ని. సంక్రాంతి ముందర నన్ను కన్న మా యాడి దగ్గరికి పోయినప్పుడు రిటైరవుతున్నానని చెప్తే ఆమె నవ్వింది. ‘నీకు అప్పుడే అరవై ఏడికెల్లి వచ్చె? మూడేండ్లు తక్కువనే ఉంటది’ అన్నది. ఆమెకు అక్షరం రాదు గానీ లెక్క తప్పదు, మీకు తెలుసు.

బడి రిజిస్టర్‌లో నా వయసు ఎక్కువ పడిందని మీరు ఒక కాగితం రాసి సంతకం పెట్టాలి. మా ఆఫీసులో ఇచ్చి చూస్తాను. ఫోన్‌లో మీరు అట్లనే అన్నది దీనికే.

భుజానికి పొద్దున్నే వేడినీళ్ళ కాపడం పెట్టి, ఆ తర్వాత గోడ పాకండి. నొప్పి పుట్టగానే ఆపొద్దు, నొప్పి దగ్గర పది అంకెలు లెక్కబెట్టి ఆపండి. బల్లికి సిగ్గు లేదు, మీకెందుకు?

మీ జమ్లీ


జనగామ,
2 మార్చి 2025

జమ్లీ,

ముప్పై నాలుగేళ్ళు పంతులమ్మగా పనిచేసి నేను కనిపెట్టిన సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగం ఇంకో నాలుగు నెలలు ఉందనగా ప్రతి మనిషికీ తన అసలు పుట్టినరోజు గుర్తుకొస్తుంది. అంతకు ముందు ఎవరికీ రాదు. ఉద్యోగం దొరికేటప్పుడైతే అసలే రాదు.

ఆ కాగితం పనికిరాదు. సర్వీసు పుస్తకంలో ఎక్కిన తేదీని చివరి ఏడాదిలో మార్చరని నీకంటే నాకే బాగా తెలుసు. నా దగ్గర పనిచేసిన ఇద్దరు టీచర్లు అట్లాంటి కాగితాలు పట్టుకుని తిరిగి తిరిగి, చెప్పులరిగాక శాలువా కప్పుకుని ఇంటికి పోయారు.

ఇక వయసు సంగతి. తండాలో పుట్టిన తేదీలు ఎవరు రాసిపెట్టారు? అందరికీ ఉన్న పద్ధతే నాకూ ఉండేది. కుడి చేయి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోవాలి. చెవి అందితే ఐదు దాటినట్టు, బడికి వచ్చినట్టు. అందకపోతే వచ్చే ఏడాది. నాలుగు జిల్లాల్లో ఏ పంతులుని అడిగినా ఇదే చెప్తాడు. నీ చేయి అందింది, రాసుకున్నాను. ఇందులో నా తప్పేముంది? చేతులు పొడుగ్గా పుట్టడం నీ తప్పు.

మీ అమ్మ రామి లెక్క తప్పదని నువ్వు రాశావు. ఆమె మేకలకు తప్పదు. మనుషుల విషయం వేరు.

రిటైరవ్వు. హాయిగా నిద్రపో. నాలాగా పదకొండింటి టీ కోసం ఎదురుచూడు. మొదటి ఏడాది పిచ్చెక్కినట్టు ఉంటుంది, తర్వాత ఏడాదులు కనబడను కూడా కనబడవు.

వేడినీళ్ళ కాపడం పెట్టాను. చర్మం కాలింది. భుజం అట్లనే ఉంది.

ఊర్మిళ


మహబూబాబాద్,
7 ఏప్రిల్ 2025

టీచరమ్మకు,

నాలుగు రోజులు సెలవు పెట్టి మా యాడి దగ్గరికి వచ్చాను. ఆమె ఇప్పుడు తండాలో లేదు, ఇక్కడే మానుకోటలో మా తమ్ముడి ఇంట్లో ఉంటున్నది. మీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. మేకల మాట దగ్గర బాగా నవ్వింది. నవ్వడం అయిపోయినంక చెప్పింది.

నన్ను బడికి నడిపించుకొని రాలేదట. చంకన ఎత్తుకొని వచ్చిందట. ‘అప్పటికి దాని వెనక దంతాలు గూడ రాలే. నా పాలు ఇంకా విడువలే. టీచరమ్మా, ఇది చిన్నది, దీని అన్నను రాసుకో అంటే, వాణ్ణి ఎప్పుడో రాసుకున్న, దీన్ని దించు అన్నది. కూసోబెట్టు, ఉప్మా తింటది అన్నది. చేయి తల మీదికెల్లి వేస్తే పాపిట కాడికి వచ్చి ఆగె. అప్పుడు టీచరమ్మ దాని తల పక్కకు వంచింది.’

ఇది మా యాడి చెప్పినది చెప్పినట్టు రాశాను.

టీచరమ్మా, నేను నర్సును. వెనక దంతాలు రాని పిల్లకు మూడు నిండలేదని నాకు తెలుసు. ఐదు దాటిందని మీరు రాసి, జూలై ఒకటి, 1964 అని పెట్టారు. ఆ తేదీ మీ బడి నుంచి హైస్కూలుకు పోయింది. అక్కడి నుంచి సర్టిఫికెట్‌కు పోయింది. సర్టిఫికెట్ నుంచి ఎక్కడికి పోయిందో మీకు తెలుసు.

1983లో నా పెండ్లి చేసేటప్పుడు నాకు పద్దెనిమిది నిండాయని మా బాపు ఆ కాగితం అందరికీ చూపించాడు. నాకు అప్పుడు పదిహేను. పదహారేళ్ళకు మొదటి కాన్పు. ఆ బిడ్డ దక్కలేదు. ఎందుకు దక్కలేదో నర్సు ట్రైనింగులో చదువుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే మంచి మార్కులు వచ్చాయి.

రోజూ వార్డులో చిన్న పిల్లల్లాంటి వాళ్ళు వస్తారు. కార్డులో పందొమ్మిది అని ఉంటుంది. మణికట్టు చూస్తే పదహారు. కార్డులో ఉన్నదే రాయాలి, రాస్తాను.

కాగితం పనికిరాదని నాకూ తెలుసు. ఆఫీసులో అడిగాను, కాదన్నారు. ఇప్పుడు ఉద్యోగం కోసం అడగడం లేదు. ఒక్క మాట రాయండి. ఆ రోజు నా చేయి అందిందా, లేదా?

జమ్లీ


జనగామ,
16 ఏప్రిల్ 2025

జమ్లీ,

యాభై ఐదేళ్ళ కిందటి సంగతి. నిన్న పొద్దున ఏం కూర తిన్నానో అడిగితే స్రవంతిని పిలవాలి నేను. ఎవరి చేయి ఎక్కడిదాకా వచ్చిందో నాకెట్లా గుర్తుంటుంది?

నువ్వు చదువుకున్నావు. ఉద్యోగం చేశావు. ఆ తండాలో నీ ఈడు ఆడపిల్లలు ఇంకెవరు చేశారు? మంచి సంగతి ఒక పక్క ఇంత ఉండగా రెండో పక్కే చూస్తానంటే నేనేం చేసేది?

ఇక్కడ ఎండ మండుతోంది. కరెంటు పోతోంది. సంతోష్ గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీసి పోయాడు, రోజుకో గీత దాటాలట. వారం నుంచి ఒకే గీత దగ్గర ఉన్నాను.

నాకు గుర్తు లేదు.

ఊర్మిళ


జనగామ,
22 మే 2025

జమ్లీకి,

ఐదు వారాలు. ఉత్తరం లేదు. ఫోన్ లేదు. చాంద్యాతో కబురు పంపితే ‘పనిల ఉన్నదట’ అన్నాడు. నువ్వు పనిలో లేని రోజు ఎప్పుడు? నీకు కోపం చేయడం కూడా రాదు. కోపమొచ్చిన మనిషి నాలుగు మాటలంటుంది, అవతలి మనిషి నాలుగంటుంది, అయిపోతుంది. నువ్వేమో నోరు మూసుకుని కూర్చుని నన్ను ఆలోచించుకోమంటున్నావు. ఈ వయసులో నాకు ఆలోచించే ఓపిక ఉందనుకున్నావా?

సరే, రాస్తాను. చదువు.

నాకు అప్పుడు ఇరవై మూడు. పెండ్లయి ఎనిమిది నెలలు. మా ఆయన సుదర్శన్‌కు జనగామలో ఉద్యోగం. శనివారం రైలెక్కి ఇంటికి రావచ్చు, సోమవారం రైలెక్కి మానుకోటలో దిగి, తండాకు నడిచి పోవచ్చు. ఆ జూన్‌లో తనిఖీ సారు వచ్చి హాజరు పట్టీ చూసి, ‘అమ్మా, నెల రోజుల్లో నలభై పేర్లు లేకుంటే ఈ బడి ఎత్తేస్తం, నిన్ను మహదేవపూర్ దిక్కు పంపుతం’ అన్నాడు. అప్పుడు అది అడవి. బస్సు దిగినాక ఎన్ని మైళ్ళు నడవాలో చెప్పేవాళ్ళు కూడా లేరు. నేను ఏడ్చాను. తర్వాత తండాలో ఇంటింటికీ తిరిగాను. ముప్పై తొమ్మిది అయ్యాయి.

నలభయ్యో పేరు నువ్వు.

మీ అమ్మ చంకలో ఉన్నావు. నోట్లో రొట్టె ముక్క. దించమన్నాను. నీ చేయి పట్టుకుని తల మీదుగా వేశాను. పాపిట దాకా వచ్చింది. చెవికి జానెడు దూరం. నీ తలను ఎడమ చేత్తో పట్టి పక్కకు వంచాను. వేలి కొస చెవి పైభాగాన్ని తాకింది. ‘అందింది’ అన్నాను. మీ అమ్మతో కాదు, నాతో నేనే అన్నాను. పోయి రిజిస్టర్‌లో రాశాను. సారు వచ్చాడు, నలభై లెక్కబెట్టాడు, టీ తాగాడు, పోయాడు.

నీకోసం కాదు. బడి కోసం అని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను, బడి కోసం కూడా కాదు. శనివారం రైలు కోసం.

ఇది ఇక్కడితో అయిపోతే నేను ఇంత కాగితం పాడుచేసేదాన్ని కాదు. ఇంకొకటి ఉంది, అది నీకు తెలియదు. పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెండ్లి చేస్తే పోలీసులకు చెప్తానని తండాలో అందరినీ బెదిరించింది నేనే. ఆ మాట పట్టించుకున్నది ఒక్క మీ బాపు దేవ్యానే. అందుకే నీకు పదమూడేళ్ళప్పుడు వచ్చిన సంబంధం వెనక్కి పంపాడు. 1983లో నా దగ్గరికి వచ్చి, సర్టిఫికెట్ నా బల్ల మీద పెట్టి, ‘టీచరమ్మా, జర చూడు. నీ రాతే గద. పద్దెనిమిది నిండె. ఇగ పెండ్లికి నీ అడ్డం లేదు గద?’ అని అడిగాడు.

నా ఎదురుగా నిలబడి అడిగాడు. నేను చూశాను. ‘లేదు’ అన్నాను. అది తప్పు తేదీ అని చెప్తే నా ఉద్యోగం పోతుంది. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. నీ పెండ్లికి వచ్చాను, స్టీలు బిందె పెట్టాను, కడుపు నిండా తిన్నాను.

నీ మొదటి కాన్పు సంగతి తెలిసిన రోజు బడికి సెలవు పెట్టాను. కడుపు నొప్పి అని రాశాను. అది కూడా అబద్ధమే.

నీ చేయి అందలేదు.

ఇంతే. ఇప్పుడైనా నాలుగు మాటలను, నేను పడతాను.

ఊర్మిళ


భూపాలపల్లి,
9 జూన్ 2025

టీచరమ్మకు,

ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మా యాడికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత ‘మీ బాపు గూడ నన్ను అడగలే, కాగితాన్నే అడిగిండు’ అన్నది.

దీంతో పాటు కార్డు పెడుతున్నాను. జూన్ ముప్పై, సోమవారం, పగలు పదకొండింటికి, మా దవాఖాన మీటింగు హాల్లో. మీరు రావాలి. వచ్చి, నాకు రాసిన మాట అక్కడ మైకులో చెప్పాలి. పెద్ద డాక్టర్లుంటారు, కొత్త నర్సులుంటారు, మన తండావాళ్ళు పొద్దున చాంద్యా సన్మానం చూసుకొని అందరూ ఒకే బండిలో ఇక్కడికే వస్తున్నారు.

నాకు ఒక్కదానికి చెప్తే నా దగ్గరే ఉంటుంది. అక్కడ రోజూ వయసులు రాసేవాళ్ళు కూర్చుంటారు.

చెప్పలేకపోతే రావద్దు. శాలువా ఒక్కటే కప్పి పోయేటట్టయితే శాలువాలు నాకు చాలా వస్తాయి.

జమ్లీ


జనగామ,
15 జూన్ 2025

జమ్లీ,

నీకు మతి పోయింది. నాలుగు మాటలనమన్నానే గానీ నలుగురిలో నిలబెట్టమనలేదు.

మా ముందు గదిలో ఒక ఫ్రేము ఉంది. ఉత్తమ ఉపాధ్యాయురాలు. ‘నలభై మంది దొరకని చోట నలభై మందిని బడికి తెచ్చిన’ అని అందులో రాసి ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ మా అబ్బాయి రాజేశ్ దాన్ని చదివి వినిపిస్తాడు, నేను పక్కనే కూర్చుని టీ తాగుతాను. సంతోష్ గీతలు గీసింది సరిగ్గా దాని కింద గోడకే. రోజూ పొద్దున నా వేళ్ళు పాకుతూ పోయి ఆ ఫ్రేము అడుగున తగిలి ఆగుతాయి. ఆగినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. నొప్పి భుజానిదో దీనిదో తెలియడం లేదు.

ఇప్పుడు వచ్చి మైకులో చెప్పాలట. చెప్తే ఏమవుతుంది? ఆ పద్ధతిలో రాసిన పంతుళ్ళు సగం మంది పోయారు. బతికున్న ముసలిదాన్ని నేనొక్కదాన్నే దొరికాను. రాజేశ్ ఏమంటాడు? నితిన్ ఏమంటాడు? ఈ వయసులో మనిషికి మిగిలేది మంచి పేరు ఒక్కటే. మోకాళ్ళు లేవు, చెవులు లేవు, భుజం లేదు. అదొక్కటీ తెచ్చి నీ మీటింగు హాల్లో పెట్టమంటున్నావు.

నేను రాను. ఎండలో, ఈ మోకాళ్ళతో, రెండు బస్సులు మారి, ఎవరికీ చెప్పకుండా రావడం నా వల్ల కాదు.

ఊర్మిళ

తా.క. హనుమకొండలో భూపాలపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందో రాయి. ఊరికే అడుగుతున్నాను.


భూపాలపల్లి,
5 జూలై 2025

టీచరమ్మకు నమస్తే.

ఆ రోజు మీకు వినబడనివీ, మీరు బస్సెక్కినంక ఇక్కడ జరిగినవీ రాస్తున్నాను.

మీరు మైకులో ‘ఈమెకు అరవై ఒకటి లేవు, యాభై ఎనిమిది. ఆ మూడేండ్లు నేను తీసుకున్న, నా కోసం తీసుకున్న’ అన్నప్పుడు, హాలు ఎట్లా అయిందో మీకు వినబడలేదనుకుంటాను. ఏమీ వినబడలేదు, అందుకే. ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే. పెండ్లి మాట, మా బాపు మాట, అన్నీ చెప్పి మీరు కూర్చున్నాక మా సూపరింటెండెంట్ సార్ నా దగ్గరికి వంగి, ‘కేకు మీద అరవై ఒకటి అని రాసింది, ఏం చేద్దాం?’ అని అడిగాడు. అంత చదువుకున్న మనిషి. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మా యాడి ముందు వరుసలోంచి ‘మరైతే ఇంకో మూడేండ్లు మీరే ఉంచుకోండ్రి సారూ, ఇంట్ల కూసుంటే నన్ను సతాయిస్తది’ అన్నది. అప్పుడు అందరూ నవ్వారు. ఏడుస్తున్నవాళ్ళు కూడా.

భోజనాల దగ్గర మనవాళ్ళందరూ మిమ్మల్ని చుట్టుకొని ‘నాది ఎంత టీచరమ్మా, నాది ఎంత’ అని అడిగారు చూడండి. చాంద్యాకు మీరు ‘నీది సరిగ్గనే రాసిన. నువ్వు మొదటికెల్లి ముసలోడివే’ అన్నారు. దానికి వాడు ఇప్పటికీ ఫోన్లు చేసి అందరికీ చెప్పుకుంటున్నాడు, సన్మానపత్రం దొరికినట్టు.

మీ అబ్బాయి రాజేశ్ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. చెప్పకుండా పోయినందుకు మీ మీద కోపంగా ఉన్నాడు. చెప్పినదానికి ఏమీ అనలేదు. ‘అక్కా, అమ్మ అన్నం తిన్నదా?’ అని అడిగాడు.

ముఖ్యమైన సంగతి వేరే. మూడో తేదీ తాళాలు అప్పజెప్పడానికి వార్డుకు పోయాను. ఒక అత్త కోడల్ని తీసుకొచ్చింది, ఆరో నెల. కార్డులో పందొమ్మిది. కొత్త నర్సు సింధూజ రాయబోయి, పెన్ను కింద పెట్టింది. ఆ పిల్ల ముఖం చూసింది. అత్తను బయట కూర్చోమని చెప్పి, తలుపు దగ్గరికి వేసి, పిల్లను మళ్ళీ అడిగింది. నేను అక్కడ నిలబడలేదు. అది ఇప్పుడు నా పని కాదు. కానీ పెన్ను కింద పెట్టడం నేను చూశాను.

టీచరమ్మా, మాఫ్ చేశానని మాత్రం రాయను. ఏ రోజు చేస్తానో నాకు తెలియదు. తెలియని తేదీ రాయడం నాకు ఇష్టం లేదు.

భుజం పని ఆపొద్దు. రోజూ చేయాలి.

జమ్లీ


జనగామ,
20 జూలై 2025

జమ్లీకి ఆశీస్సులు.

సింధూజ అనే ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పు. అంతకంటే నేనేం అనగలను?

ఇక నువ్వు రాయని సంగతి ఒకటుంది, కాబట్టి నేనే రాయాలి. బస్టాండులో మీ అమ్మ నాకు చేసింది మర్యాదేనా? వందమంది ప్రయాణికుల మధ్యలో నా చేయి పట్టుకుని, ‘టీచరమ్మా, నీది నాది ఒక్క ఈడు. నీ వయసు ఎవరు రాసిండ్రో, చూద్దాం పట్టు’ అని తల మీదుగా వేసింది. పట్టేసిన భుజం అని చెప్తూనే ఉన్నాను. చేయి నడినెత్తి మీదికి కూడా రాలేదు. ‘అగో, అందుతలేదు. నీకింకా ఐదేండ్లు నిండలే’ అని, ‘తల వంచు, అందుతది’ అన్నది. నర్సువు కదా, అడ్డం వస్తావనుకుని నీ వైపు చూశాను. నువ్వేమో చేతులు కట్టుకుని నిలబడి, ‘తల వంచొద్దు’ అన్నావు. కండక్టరు రైటన్నాడు, లేకపోతే తల్లీకూతుళ్ళు నన్ను అక్కడే ఒకటో తరగతిలో కూర్చోబెట్టేవాళ్ళు.

రాజేశ్ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు నేనే పిలిచి, స్టూలెక్కి ఫ్రేము దించమన్నాను. ‘ఎందుకమ్మా’ అన్నాడు. వేళ్ళు పైకి పోవడానికి అడ్డంగా ఉందన్నాను. దించాడు. ఎక్కడ పెట్టమంటావని అడగలేదు, నేనూ చెప్పలేదు. దాని వెనక గోడ తెల్లగా కొత్తదానిలాగా ఉంది. ముప్పై ఏళ్ళ కిందటి సున్నం. సంతోష్ అక్కడ కూడా గీతలు గీశాడు, మనిషికి కనికరం లేదు.

రోజులు ఎప్పటిలాగే గడవడం లేదు. పదకొండింటి టీ పదకొండుంపావుకు వస్తోంది. నెలలు మాత్రం నాకు చెప్పకుండానే పోతున్నాయి. నీకు రిటైరై అప్పుడే మూడు వారాలు.

వేడినీళ్ళు, కాపడం, గోడ, నువ్వు చెప్పిన పది అంకెలు, అన్నీ చేస్తున్నాను. ఈరోజు పొద్దున అద్దం ముందు నిలబడి, తల నిటారుగా పెట్టి, చేయి పైనుంచి వేశాను. నడివేలు పాపిట తాకింది. చెవికి ఇంకా జానెడు దూరం ఉంది.

మీ అమ్మకు ఈ మాట చెప్పు. నువ్వు మాత్రం తొందరపడి ఏమీ రాయకు. అందిన రోజు నేనే చెప్తాను.

ఊర్మిళ